లైనక్స్‌లో మైకు, రికార్డింగ్ తిప్పలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా తిరుపతిలోనూ చిత్తూరు వైపూ లైనక్స్ మీద ఏదో ఒకటి రికార్డ్ చేసుకోవాలనుకునేవాళ్లు అడిగే సందేహాలు ఇంచుమించు అవే. అన్నమయ్య కీర్తన పాడి బంధువులకు పంపాలనుకునేవాళ్లు, ఆన్‌లైన్‌లో సంగీతం నేర్చుకునే పిల్లల తల్లులు, తాతగారి హరికథ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునేవాళ్లు, ఊళ్లో భారతం జరిగేటప్పుడు రికార్డ్ చేసే కుర్రాళ్లు అందరూ అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. కమాండ్లను తెలుగు లిపిలో రాశాను కానీ టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

## మొదలుపెట్టకముందు

మైకు పనిచేయడం లేదు, లైనక్స్ మొత్తం తీసేసి మళ్లీ వేసుకోమంటారా అన్నా?

వద్దు. మీ గొంతు ఫైలుగా మారే దారిలో మైకు, వైరు, జాక్, సౌండ్ చిప్, కర్నల్‌లో (లైనక్స్ గుండెకాయ అది) డ్రైవరు, దాని పైన సౌండ్ సర్వరు, చివర్లో మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. శబ్దం ఎక్కడ ఆగిపోయిందో చూడకుండా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఒక పూట పోతుంది, సమస్య మాత్రం అలాగే ఉంటుంది. ముందు టెర్మినల్ తెరిచి 'ఏరికార్డ్ -ఎఫ్ సీడీ -డీ 5 టెస్ట్.వావ్' అని కొట్టి (ఏ అన్న ఒక్క అక్షరం, దానికి ఆనించి రికార్డ్) ఐదు సెకన్లు మాట్లాడండి, తర్వాత 'ఏప్లే టెస్ట్.వావ్' అని వినండి. మాట వినిపిస్తే మైకు, డ్రైవరు బాగున్నట్టే, గొడవంతా మీరు వాడే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఉంది. వినిపించకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి, మైకు నుంచి సౌండ్ సర్వరు దాకా ఉన్న దారిలోనే వెతకాలి.

ఆల్సా, పల్స్‌ఆడియో, పైప్‌వైర్ అని ఇన్ని పేర్లేంటి? నా దాంట్లో ఏది ఉంది?

ఆల్సా (ఏ, ఎల్, ఎస్, ఏ) కర్నల్‌లో ఉంటుంది, చిప్‌తో నేరుగా మాట్లాడేది అదే. 2003 చివర్లో వచ్చిన 2.6 కర్నల్ నుంచి ఓఎస్ఎస్ అనే పాత సౌండ్ పద్ధతి స్థానంలో ఇదే నిలబడింది. దాని పైన ఒక సర్వరు ఉంటుంది, ఒకేసారి రెండు మూడు ప్రోగ్రాములు మైకు వాడుకోగలిగేలా చూసేది ఆ సర్వరే. చాలా ఏళ్లు ఆ పని పల్స్‌ఆడియో చేసింది, ఇప్పుడు పైప్‌వైర్ చేస్తోంది. లైనక్స్ రకాల్లో చూస్తే ఫెడోరాలో 34 నుంచి (2021), ఉబుంటులో 22.10 నుంచి, మింట్‌లో 22 నుంచి పైప్‌వైరే డిఫాల్ట్. మీ దాంట్లో ఏముందో తెలియాలంటే 'పాక్టిల్ ఇన్ఫో' అని కొట్టండి (పీ, ఏ, సీ, టీ, ఎల్ అక్షరాలు కలిపి, తర్వాత ఖాళీ వదిలి ఇన్ఫో). అందులో సర్వర్ నేమ్ అన్న వరుసలో పల్స్‌ఆడియో పేరు పక్కన 'ఆన్ పైప్‌వైర్' అని కూడా ఉంటే మీది పైప్‌వైర్. ఇది తెలియకుండా నెట్‌లో దొరికిన పాత చిట్కా ఏదీ పెట్టకండి. పదేళ్ల నాటి పల్స్‌ఆడియో సలహాలు పైప్‌వైర్ ఉన్న మెషిన్‌లో పెట్టి, పనిచేస్తున్నదాన్ని కూడా పాడు చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

## మైకు అసలు కనిపించనప్పుడు

సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ దగ్గర ఖాళీగా ఉంది. ల్యాప్‌టాప్‌లోనే ఉన్న మైకు కూడా చూపించడం లేదు, ఎందుకు?

'ఏరికార్డ్ -ఎల్' కొట్టి చూడండి, ఎల్ చిన్న అక్షరమే ఉండాలి. అందులో కూడా మైకు లేకపోతే కర్నల్‌కే అది తెలియదని అర్థం. ఈ మధ్య ఐదారేళ్లలో వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లోపలి మైకు డిజిటల్ రకం, దానికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైళ్లు కావాలి. అవి లేకపోతే స్పీకరుకు కూడా 'డమ్మీ అవుట్‌పుట్' అని చూపిస్తుంది. డెబియన్‌లో ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్, ఫెడోరాలో ఆల్సా-సాఫ్-ఫర్మ్‌వేర్, ఆర్చ్‌లో సాఫ్-ఫర్మ్‌వేర్ పేరుతో ఆ ప్యాకేజీ దొరుకుతుంది (సాఫ్ అంటే ఎస్, ఓ, ఎఫ్). అది వేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. మరీ కొత్త మోడల్ అయితే కొత్త కర్నల్ కూడా కావాల్సి రావచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసు ల్యాప్‌టాప్ కొన్నాను. స్పీకర్ బాగుంది, మైకు మాత్రం లేనే లేదంటోంది.

బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి చూడండి. కంపెనీలకు అమ్మే ల్యాప్‌టాప్‌లలో మైక్రోఫోన్‌ను బయాస్ నుంచే ఆపేసే వీలుంటుంది, కొన్ని ఆఫీసులు ఆపేసే ఇస్తాయి కూడా. అక్కడ ఆఫ్‌లో ఉంటే లైనక్స్‌లో ఎంత వెతికినా దొరకదు.

ఫోన్ ఇయర్‌ఫోన్స్ మైకు పనిచేస్తోంది, కొత్తగా కొన్న కాలర్ మైకు పెడితే ఏమీ రాదు. మైకు పాడైందా?

ముందు పిన్ను చేతిలోకి తీసుకుని నల్ల గీతలు లెక్కపెట్టండి. ఫోన్ ఇయర్‌ఫోన్స్ పిన్నుకు మూడు గీతలు, అంటే నాలుగు భాగాలు: ఎడమ చెవి, కుడి చెవి, ఎర్త్, మైకు. కెమెరాకో డెస్క్‌టాప్‌కో చేసిన మైకు పిన్నుకు రెండే గీతలు. ఈ రోజుల్లో ల్యాప్‌టాప్‌కు ఒక్కటే జాక్ ఉంటుంది, అది మూడు గీతల పిన్నునే మైకుగా గుర్తిస్తుంది. రెండు గీతలది పెడితే హెడ్‌ఫోన్ అనుకుంటుంది. అందుకని మైకుకు ఒక రంధ్రం, హెడ్‌ఫోన్‌కు ఒక రంధ్రం ఉన్న చిన్న స్ప్లిటర్ వైరు తెచ్చుకోండి, సెల్ యాక్సెసరీస్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అయితే 'ఆడియో స్ప్లిటర్' అని అడిగితే రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునేది చేతిలో పెడతారు, అది మీకు పనికిరాదు. మైకు గుర్తు ఉన్నదే అని గట్టిగా చెప్పి, విప్పి చూసి తీసుకోండి.

డెస్క్‌టాప్ వెనక పెడితే మైకు వస్తోంది, ముందు పెడితే రావడం లేదు.

ముందు జాక్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సన్నటి వైరు ఊడిపోయో, సరిగా కూర్చోకనో ఉండొచ్చు. క్యాబినెట్ విప్పి చూడండి. వైరు బాగుంటే బయాస్‌లో ఫ్రంట్ ప్యానెల్ రకం ఏసీ97 అని ఉందేమో చూసి హెచ్‌డీ ఆడియోకు మార్చండి. తొందర ఉంటే వెనక ఉన్న గులాబీ రంగు జాక్ వాడుకోండి, అది మైకుది. నీలం రంగుది లైన్ ఇన్, అందులో మామూలు మైకు పెడితే దాదాపు ఏమీ వినిపించదు.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట బ్రహ్మాండంగా వినిపిస్తుంది, మైకు ఆన్ చేయగానే పాత టెలిఫోన్‌లా అయిపోతోంది. సరిచేయొచ్చా?

అది లోపం కాదు, మామూలు బ్లూటూత్ పనిచేసే తీరే అంత. పాట వినడానికి వాడే ఏ2డీపీ పద్ధతిలో మైకు ఉండదు. మైకు కావాలనగానే ఫోన్ కాల్స్ కోసం పెట్టిన పద్ధతికి మారిపోతుంది, అందులో 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటే (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) ఉంటుంది. మాటలకు సరిపోతుంది, పాటకు చాలదు. వినడానికి బ్లూటూత్ ఉంచుకుని, ఇన్‌పుట్ దగ్గర ల్యాప్‌టాప్ మైకో వైరు మైకో ఎంచుకోండి, అప్పుడు రెండూ బాగుంటాయి.

## కనిపిస్తోంది కానీ ఏమీ రికార్డ్ కానప్పుడు

మైకు పేరు వస్తోంది, ఎంత గట్టిగా మాట్లాడినా లెవెల్ గీత కదలదు. ఏం చేయాలి?

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చెబుతాను. ముందు కీబోర్డు మీద మైకు మ్యూట్ బటన్ చూడండి. చాలా థింక్‌ప్యాడ్‌లలో అది ఎఫ్4 మీదే ఉంటుంది, చిన్న లైటు వెలుగుతుంటే మైకు ఆగిపోయి ఉన్నట్టు. అది సరిగానే ఉంటే టెర్మినల్‌లో 'ఆల్సామిక్సర్' అని కొట్టండి. నల్ల తెర మీద నిలువు గీతలు వస్తాయి. ఎఫ్6 నొక్కి మీ అసలు సౌండ్ కార్డును ఎంచుకోండి, ఎందుకంటే మొదట కనిపించేది 'డిఫాల్ట్' మాత్రమే, అందులో అన్ని మీటలూ ఉండవు. తర్వాత ఎఫ్4 నొక్కితే రికార్డింగ్ వైపు మీటలు వస్తాయి. బాణం గుర్తులతో 'క్యాప్చర్' మీదకు వెళ్లండి. కింద ఎర్రగా క్యాప్చర్ అన్న మాట కనిపించకపోతే అది ఆగి ఉంది, స్పేస్ బార్ నొక్కితే వస్తుంది. పై బాణంతో 70 దాకా పెంచండి. పక్కనే 'ఇన్‌పుట్ సోర్స్' ఉంటే అది ఫ్రంట్ మైకా, రియర్ మైకా, లైనా అన్నది మీరు వైరు పెట్టిన చోటుతో సరిపోవాలి. మైకు ఒక జాక్‌లో ఉండి సోర్స్ ఇంకో జాక్‌ను చూస్తుంటే ఎన్ని మీటలు పెంచినా మౌనమే. ఎఫ్4 తెరలో కనిపించని 'మైక్ బూస్ట్' కోసం ఎఫ్5 నొక్కి అన్నీ చూడండి. అన్నీ అయ్యాక ఎస్కేప్ నొక్కి బయటికి వచ్చేయండి.

నేను మంచి మైకు పెట్టాను, రికార్డ్ అయ్యేది మాత్రం వెబ్‌క్యామ్ మైకు. ఎలా మార్చాలి?

పావుకంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి (పీ, ఏ, వీ, యూ తర్వాత కంట్రోల్). రికార్డింగ్ నడుస్తుండగానే అందులో 'రికార్డింగ్' ట్యాబ్ తెరిస్తే ఏ ప్రోగ్రాము ఏ మైకు వాడుతోందో కనిపిస్తుంది, అక్కడే మార్చేయొచ్చు. ఎప్పటికీ అదే ఉండాలంటే 'ఇన్‌పుట్ డివైసెస్' ట్యాబ్‌లో మీ మైకు పక్కన ఉన్న పచ్చ టిక్ నొక్కండి. కార్డు నంబరు రాసిపెట్టుకుని దాని మీద ఆధారపడొద్దు, వెబ్‌క్యామో హెచ్‌డీఎంఐయో ముందుగా మేలుకుంటే ఆ నంబర్లు తారుమారవుతాయి.

నా గొంతు బదులు యూట్యూబ్‌లో మోగే పాట రికార్డ్ అవుతోంది!

'మానిటర్ ఆఫ్' అని మొదలయ్యే ఇన్‌పుట్ ఎంచుకున్నారు. అది స్పీకర్‌కు వెళ్లే శబ్దం. మైకు పేరున్నదాన్ని ఎంచుకోండి.

రికార్డ్ చేసేటప్పుడు రెండు మీటర్లూ బాగా కదిలాయి. మోనో చేసి ఫోన్‌లో పంపితే గొంతే లేదు. ఇదేం విచిత్రం?

కొన్ని ల్యాప్‌టాప్‌ల లోపలి మైకు ఎడమ, కుడి చానళ్లలో ఒకే శబ్దాన్ని తలకిందులుగా పంపుతుంది. ఒకదాంట్లో అల పైకి లేచినప్పుడు ఇంకోదాంట్లో కిందికి దిగుతుంది. రెండూ కలిపితే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి, అందుకే మోనోలో గొంతు మాయమైంది. అడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అలను బాగా పెద్దది చేసి చూస్తే కంటికే కనిపిస్తుంది. మీ రికార్డింగ్ పోలేదు, కంగారు పడకండి. స్టీరియోను విడదీసి ఒక చానల్ తీసేస్తే రెండోది నిండుగా ఉంటుంది. ఇకపై రికార్డ్ చేసేటప్పుడు పావుకంట్రోల్‌లో చానళ్ల తాళం విప్పి ఒక చానల్‌ను సున్నాకు దించేయండి.

'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అని వస్తోంది.

మైకును ఇంకో ప్రోగ్రాము నేరుగా పట్టుకుని కూర్చుంది. బ్రౌజరులో మీటింగ్ ట్యాబ్ మూయడం మరిచిపోయారేమో చూడండి. అడాసిటీలో అయితే డివైస్ దగ్గర 'హెచ్‌డబ్ల్యూ' అని ఉన్నదాని బదులు 'పైప్‌వైర్', 'పల్స్' లేదా 'డిఫాల్ట్' ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు, మైకును పంచే పని సర్వరు చూసుకుంటుంది.

## వస్తోంది కానీ బాగాలేనప్పుడు

రికార్డింగ్ మొత్తం 'హుమ్మ్' అని మోత. తీసేయడం ఎలా?

మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత దానిదే. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద ఒక నిమిషం రికార్డ్ చేయండి. మోత పోతే తప్పు ఛార్జరుదో ఇంటి ఎర్తింగ్‌దో. ఇంట్లో ఎర్త్ సరిగా లేని ప్లగ్గులు చాలా ఉంటాయి, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టరులో పెట్టినా ఇదే పరిస్థితి. బ్యాటరీ మీద రికార్డ్ చేసుకోవడమే అన్నిటికంటే తేలిక. బ్యాటరీ మీద కూడా మోత ఉంటే మైకు వైరును ప్లగ్ పాయింట్లకు, ఫ్యాన్ రెగ్యులేటరుకు దూరంగా జరపండి.

గొంతు సన్నగా వస్తోందని బూస్ట్ పెంచితే 'స్స్' అని శబ్దం. ఏది సరైన లెవెల్?

బూస్ట్ మీట 10, 20, 30 డెసిబెల్స్ చొప్పున పెంచుతుంది, గొంతుతో పాటు చిప్ సొంత శబ్దాన్ని కూడా అంతే పెంచుతుంది. కాబట్టి బూస్ట్‌ను సున్నాలోనో 10లోనో ఉంచి మైకును నోటికి దగ్గరగా తెచ్చుకోండి. జానెడు దూరం చాలు, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉంటే 'ప', 'భ' పలికినప్పుడు గాలి కొట్టదు. మీరు పాడబోయే పాటలో అన్నిటికంటే గట్టిగా పలికే చోటు పాడి చూసుకుని, మీటరు మైనస్ 12కూ మైనస్ 6కూ మధ్య తగిలేలా పెట్టుకోండి. సున్నా తగిలితే అల తల తెగిపోతుంది, తెగిన దాన్ని తర్వాత ఎవరూ పూర్తిగా అతికించలేరు.

ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి పాడమంటే ఎలా? శబ్దం తర్వాత తీసేయొచ్చు కదా?

కొంతవరకు తీయొచ్చు. పాట మొదలుపెట్టే ముందు ఐదారు సెకన్లు ఊరికే ఉండి ఫ్యాన్ శబ్దాన్ని మాత్రమే రికార్డ్ చేయండి, అడాసిటీలో నాయిస్ రిడక్షన్‌కు ఆ ముక్కను నమూనాగా చూపించాలి. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, అందుకే 6 నుంచి 12 డెసిబెల్స్ మించకండి. మే నెల తిరుపతి ఎండలో ఫ్యాన్ లేకుండా పాడమని నేనూ చెప్పను. తెల్లవారుజామున పాడుకోండి, గాలి చల్లగా ఉంటుంది, వీధీ నిద్రలో ఉంటుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: గ్రానైట్ నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో వచ్చే ప్రతిధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు, ఎదురుగా రెండు దుప్పట్లు వేలాడదీస్తే చాలా తేడా వస్తుంది.

మధ్యమధ్యలో టప్ టప్ మని తెగుతోంది.

మెషిన్ సమయానికి డేటా అందుకోలేకపోతోంది. బ్రౌజరు మూసేయండి, యూఎస్‌బీ మైకు హబ్‌లో ఉంటే తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి, అడాసిటీలో బఫర్ లెంగ్త్ పెంచండి. రికార్డింగ్ మొదట్లో ఒక్కసారే 'టక్' అంటే మాత్రం అది చిప్ నిద్ర లేచిన చప్పుడు, దాన్ని కత్తిరించేయడమే.

రికార్డ్ చేసిన పాట శ్రుతి మారి నెమ్మదిగా వినిపిస్తోంది.

శాంపిల్ రేటు తేడా. 48000తో వచ్చిన శబ్దాన్ని 44100 అనుకుని వాయిస్తే పాట నిదానించి శ్రుతి దిగుతుంది. పైప్‌వైర్ మామూలుగా 48000లో నడుస్తుంది, ప్రాజెక్ట్ రేటునూ 48000 పెట్టుకోండి. అప్పటికే చేసిన ఫైలుకు సరైన రేటు చెబితే మామూలైపోతుంది, మళ్లీ పాడనక్కర్లేదు.

## సంగీతం క్లాసులు

ఆన్‌లైన్ క్లాసులో మా పాప పాట టీచర్‌కు తెగి తెగి వినిపిస్తోందట, శ్రుతిపెట్టె అసలు వినిపించదట. ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేస్తే బాగానే ఉంది. ఎందుకలా?

మీ మైకు బాగుంది, లైనక్స్ కూడా బాగుంది. మీటింగ్ సాఫ్ట్‌వేర్లు మాటల కోసం చేసినవి. మారకుండా అలాగే మోగుతూ ఉండే శబ్దాన్ని ఫ్యాన్ చప్పుడని అనుకుని తొలగిస్తాయి, తంబురా, శ్రుతిపెట్టె అలాగే మోగుతాయి కదా. పాప షడ్జమం మీద ఎక్కువసేపు నిలిపినా దాన్నీ మింగేస్తాయి. జూమ్‌లో అయితే 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్' అన్నది ఆన్ చేయండి. గూగుల్ మీట్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఆఫ్ చేయండి. ఇలా మార్చాక ఎకో రావచ్చు కాబట్టి పాపకు వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టండి. శ్రుతిపెట్టెను మైకుకు మరీ దగ్గర పెట్టకండి, గొంతు పైన ఉండాలి, శ్రుతి కింద ఉండాలి. ఇంత ఓపిగ్గా చెబుతున్నానంటే కారణముంది, గమకం తెగిపోయి వినిపిస్తే టీచరు దిద్దేది పిల్ల పాటను కాదు, సాఫ్ట్‌వేర్ చేసిన పాడుపనిని.

ముందే రికార్డ్ చేసిన తాళం వింటూ పాడితే పాట కొంచెం వెనకబడుతోంది.

శబ్దం కంప్యూటర్ లోపలికీ బయటికీ వెళ్లడానికి పట్టే ఆలస్యం అది. పైప్‌వైర్ మామూలుగా 1024 శాంపిళ్లు ఒక్కోసారి తీసుకుంటుంది, 48000 రేటులో అదొక్కటే 21 మిల్లీసెకన్లు. పైగా మీరు బ్లూటూత్‌లో వింటుంటే ఆలస్యం ఇంకా చాలా ఎక్కువ, ముందు దాన్ని తీసేయండి. తర్వాత ఇయర్‌ఫోన్‌ను మైకు దగ్గర పెట్టి తాళం చప్పుడునే రికార్డ్ చేసి, రెండు ట్రాకుల మధ్య ఎంత దూరం ఉందో కొలిచి, అడాసిటీలో లేటెన్సీ కాంపెన్సేషన్‌ను అంత మేర సరిచేయండి.

## క్యాసెట్లు, ఊళ్లో రికార్డింగులు

తాతగారి హరికథ క్యాసెట్లు ఉన్నాయి. టేప్‌రికార్డర్ నుంచి ల్యాప్‌టాప్ మైకు జాక్‌కు వైరు పెడితే బరబరా అంటోంది.

మైకు జాక్ చాలా చిన్న సిగ్నల్ కోసం చేసింది, టేప్‌రికార్డర్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు పెద్దది. పైగా ల్యాప్‌టాప్ జాక్‌లో మైకు ఒకే చానల్. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకోండి, లేదా ఎవరి ఇంట్లోనైనా పాత డెస్క్‌టాప్ ఉంటే దాని నీలం జాక్ వాడుకోండి. టేప్‌రికార్డరుకు లైన్ అవుట్ లేక హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీయాల్సి వస్తే వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. క్యాసెట్ పెట్టేముందు హెడ్‌ను స్పిరిట్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి, గోధుమ రంగు మురికి వస్తుంది, అది పోగానే పదాలు స్పష్టంగా వినిపిస్తాయి. చాలా ఏళ్లుగా కదలని క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చేయండి. సి-90 క్యాసెట్ రెండు వైపులా కలిపి 90 నిమిషాలు, సీడీ నాణ్యతలో దాదాపు 950 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ అనే ఫైలు రకంలో పెడితే స్థలం బాగా తగ్గుతుంది, నాణ్యత ఏమీ తగ్గదు. ఎంపీ3 బంధువులకు పంపడానికి మాత్రమే. అసలు ఫైలును రెండు చోట్ల దాచండి, ఎందుకంటే ఆ టేపు మళ్లీ ఒకసారి తిరుగుతుందన్న గ్యారంటీ లేదు.

మా ఊళ్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. రాత్రి నాటకం మొత్తం ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేయొచ్చా?

చేయొచ్చు, తప్పకుండా చేయండి. పగటి హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది రోజులు అలా పాడేవాళ్లు మన చిత్తూరు పల్లెల్లో ఇంకా ఉన్నారు, వాళ్ల గొంతులు దాచుకోవాలి. మేళం వాళ్ల అనుమతి ముందే అడగండి. మైక్‌సెట్ అతన్ని అడిగి మిక్సరు మీద 'రెక్ అవుట్' నుంచి మీ యూఎస్‌బీ కార్డు లైన్ ఇన్‌కు తీసుకోండి. హారన్‌కు వెళ్లే యాంప్లిఫయర్ అవుట్‌పుట్ జోలికి మాత్రం పోకండి, అందులో 100 వోల్టుల లైను ఉండొచ్చు, ల్యాప్‌టాప్ కాలిపోతుంది. ఇంకో విషయం, వావ్ ఫైలు 4 జీబీ దాటితే చాలా సాఫ్ట్‌వేర్లు తెరవలేవు. సీడీ నాణ్యతలో అది ఆరు గంటల నలభై ఐదు నిమిషాలకు, 24 బిట్ 48000లో నాలుగు గంటలు దాటగానే నిండిపోతుంది. తెల్లవారేదాకా సాగే నాటకానికి అది చాలదు. విరామం వచ్చినప్పుడల్లా ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టండి, లేదా నేరుగా ఫ్లాక్‌లో రికార్డ్ చేయండి. స్క్రీన్ మూసినా ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చుకోండి.

## ఇంకా కుదరకపోతే

అన్నీ చేశాను. తప్పు మైకుదో మెషిన్‌దో లైనక్స్‌దో ఎలా తేలుతుంది?

ఆ మైకును ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి, మైకు సంగతి తేలిపోతుంది. తర్వాత కొత్త ఉబుంటునో ఫెడోరానో పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' మోడ్‌లో నడిపి రికార్డ్ చేయండి. అందులో వస్తే మీ పాత సిస్టమ్ సెట్టింగులదో పాత కర్నల్‌దో తప్పు. అందులోనూ రాకపోతే హార్డ్‌వేర్ పాడై ఉండాలి, లేదా ఆ చిప్‌కు డ్రైవరు ఇంకా సరిగా రాలేదు.

పైప్‌వైర్ సెట్టింగులన్నీ కెలికేశాను, మొదటికి ఎలా తేవాలి?

హోమ్ ఫోల్డరులో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, డాట్ లోకల్ లోపల స్టేట్, దాని లోపల వైర్‌ప్లంబర్ (పైప్‌వైర్‌కు తోడుగా నడిచే ప్రోగ్రాము) అనే ఫోల్డరు పేరు మార్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. కొత్తగా తయారవుతుంది. డాట్ కాన్ఫిగ్‌లో పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ పేర్లతో మీరు చేతితో పెట్టిన ఫైళ్లు ఉంటే వాటినీ పక్కకు జరపండి.

తెలిసినవాళ్లను సహాయం అడగాలంటే ఏం పంపాలి?

'ఆల్సా-ఇన్ఫో' అనే కమాండ్ నడపండి, మీ కార్డు, చిప్, కర్నల్, మిక్సర్ మీటలు అన్నీ ఒకే ఫైల్లో రాసిస్తుంది. దానితో పాటు మైకు పిన్ను ఫోటో, ఏ జాక్‌లో పెట్టారో, ఐదు సెకన్ల రికార్డింగ్ పంపండి. 'సౌండ్ రావట్లేదు' అని ఒక్క ముక్క రాస్తే ఎదుటివాళ్లు మళ్లీ పది ప్రశ్నలు అడగాల్సి వస్తుంది, ఇవన్నీ ముందే ఇస్తే చాలాసార్లు మొదటి జవాబులోనే పని అయిపోతుంది.